ఈ యేటి మేటి మోత

లోకంలో ఎవరికైనా ఏడాదికి పన్నెండు నెలలు. హెవీ మెటల్ పత్రికలకు పదిన్నర. నవంబరు సగం దాటేసరికి ‘ఈ సంవత్సరపు అత్యుత్తమ ఆల్బమ్‌లు నలభై’ సిద్ధం, వరస నంబర్లతో సహా. ఇంకా నెలన్నర సంగీతం రావాల్సి ఉంది కదా అని అడిగే అమాయకుడు ఆ పేటలో బతకలేడు. డిసెంబరులో ఆల్బమ్ విడుదల చేసిన బృందానికి ఆ ఏడాది జాబితాలో చోటుండదు. మరుసటి ఏడాది జాబితా రాసే నాటికి అదెవరికీ గుర్తుండదు. గిటార్లు ఎంత గట్టిగా మోగించినా అంతే.

ఆ నలభైలో 37వ స్థానానికీ 38వ స్థానానికీ తేడా ఏమిటో అర్థమయ్యేలా రాసిన విమర్శకుడు నాకింకా తగల్లేదు. 37 కాస్త ఎక్కువ ఉక్కిరిబిక్కిరి చేస్తుందట, 38 కాస్త ఎక్కువ ఊచకోత కోస్తుందట. వీళ్ళు పొగడ్తకు వాడే మాటలన్నీ ఎఫ్ఐఆర్‌లో కనబడేవే: దాడి, విధ్వంసం, నెత్తురు, శవాల గుట్ట. మంచి ఆల్బమ్ మనిషిని చంపేస్తుంది. గొప్ప ఆల్బమ్ చంపి పాతేస్తుంది. ఏదో ఫర్వాలేదనిపించే ఆల్బమ్ ఒక్కటే శ్రోతను క్షేమంగా ఇంటికి పంపిస్తుంది.

ఒకాయన ఈ ఏడాది మూడు వందల ఆల్బమ్‌లు విన్నానన్నాడనుకోండి. ఒక్కోటీ ముప్పావు గంట వేసుకుంటే 225 గంటలు. అదీ ఒక్కోటీ ఒక్కసారి వింటే. మెటల్ ఒక్కసారికే ఒంటబట్టే సరుకు కాదని మనకు బోధించేదీ ఆయనే కాబట్టి మూడేసి సార్లు విన్నాడనుకుందాం. 675 గంటలు. అంటే ఫిబ్రవరి నెల మొదటి తేదీ నుంచి ఆఖరి తేదీ దాకా, తిండీ నిద్రా స్నానమూ లేకుండా. నిజంగా వినివుంటే చెవులు పోయివుండాలి. చెవులు బాగానే ఉన్నాయంటే వినలేదన్నమాట. రెండింటిలో ఏదైనా సరే, ఆ మనిషి చెప్పిన వరస నంబరును నమ్మి మనం డబ్బు పెట్టి రికార్డు కొనాలి.

అయినా పత్రికలవాళ్ళది చిల్లర పాపం. టోకు వ్యాపారం గ్రామీలది.

మెటల్‌కు ఆది బృందమనదగ్గ బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది. ఆ తర్వాత 19 ఏళ్ళకు, 1989లో, హార్డ్ రాక్ అనీ మెటల్ అనీ ఏవో ఉన్నాయని గ్రామీలిచ్చే అమెరికా రికార్డింగ్ అకాడమీ కనిపెట్టింది. రెండిటినీ ఒకే గాటన కట్టి ఒక బహుమతి పెట్టింది. ఫిబ్రవరి 22న లాస్ ఏంజెలెస్ ష్రైన్ ఆడిటోరియంలో సభ. పోటీలో అయిదుగురు: ఏసీ/డీసీ, ఇగ్గీ పాప్, జేన్స్ అడిక్షన్, మెటాలికా, జెత్రో టల్. మెటాలికా ఆ రాత్రి అదే వేదిక మీద ‘వన్’ వాయించింది కూడా. బహుమతి ఎవరిదో సభలో అందరికీ తెలుసు, కవరులో ఉన్న కాగితానికి తప్ప. ఆలిస్ కూపర్, లీటా ఫోర్డ్ దాన్ని విప్పారు. జెత్రో టల్!

ఎవరీ జెత్రో టల్? మన పల్లెల్లో విత్తనాల గొర్రు ఉంటుందే, అలాంటి యంత్రాన్ని 1701లో గుర్రానికి కట్టి నడిపేలా తయారుచేసిన ఇంగ్లండ్ వ్యవసాయదారుడు. ఆయన పేరు పెట్టుకున్న బృందం ఇది. నాయకుడు ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి వేణువు ఊదుతాడు. (మనకు తెలిసిన భంగిమే. కాకపోతే కృష్ణుడు రెండో కాలి బొటనవేలినైనా నేలకు ఆనిస్తాడు.) అలా ప్రపంచ చరిత్రలో మొట్టమొదటి హార్డ్ రాక్-మెటల్ గ్రామీ పిల్లనగ్రోవికి దక్కింది. ఎలాగూ రాదులే, విమానం ఖర్చు దండగ అని సొంత రికార్డు కంపెనీయే చెప్పడంతో ఆ బృందం సభకే రాలేదు.

మెటాలికా పోటీకి పంపిన ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’. అందులో బేస్ గిటారు వినబడదన్నది అభిమానులు ఈనాటికీ మరవని ఫిర్యాదు. మిక్సింగులో దాన్ని అంతగా తొక్కేశారు. అకాడమీ సభ్యులకు తక్కిన వాద్యాలు కూడా వినబడలేదన్న సంగతి ఆ రాత్రి బయటపడింది. టల్ వాళ్ళ కంపెనీ క్రిసాలిస్ మాత్రం తెలివైనది. వేణువు కూడా బరువైన లోహ వాద్యమేనని బిల్‌బోర్డ్ పత్రికలో ప్రకటన వేయించింది. ఇటు మెటాలికా కూడా తక్కువ తినలేదు. ‘గ్రామీ పరాజితులు’ అని స్టిక్కరు కొట్టించి ఆల్బమ్ మీద అంటించింది. ఆ ఏడాది మొత్తానికి హాస్యం బాగా పండింది ఆ రెండు చోట్లే.

ఒక మాట మాత్రం చెప్పాలి. టల్ వాళ్ళ ‘క్రెస్ట్ ఆఫ్ ఎ నేవ్’ చెడ్డ ఆల్బమ్ కాదు. మార్టిన్ బార్ గిటారు అందులో చాలా చక్కగా పలుకుతుంది. డైర్ స్ట్రెయిట్స్ ఇష్టపడేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం హాయిగా వినొచ్చు. అందులో లేనిది ఒక్కటే, మెటల్.

మర్నాటి నుంచీ అకాడమీకి జ్ఞానోదయమైంది. హార్డ్ రాక్‌ని, మెటల్‌ని విడదీసింది. విడదీసి, మెటల్ బహుమతిని 1990లో మెటాలికాకి ఇచ్చింది. 1991లో మెటాలికాకి ఇచ్చింది. 1992లో ఎవరికిచ్చిందో చెప్పుకోండి. ఇందులో 1991 నాటిది మరీ రసవత్తరం. అది వాళ్ళ సొంత పాటకు కాదు, క్వీన్ బృందం 1974లో చేసిన పాటను వీళ్ళు తిరిగి వాయించినందుకు. తప్పు దిద్దుకోవడానికి అకాడమీ ఎంత తొందరపడిందంటే, మెటాలికా చేతికి ఏ పాట దొరికినా ఫరవాలేదనుకుంది. 1992 వేదిక మీద డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్, ఈ ఏడాది ఆల్బమ్ చేయనందుకు జెత్రో టల్‌కి కృతజ్ఞతలన్నాడు. సభ గొల్లుమంది. నిజానికి 1991లో జెత్రో టల్ ‘క్యాట్‌ఫిష్ రైజింగ్’ అని ఒక ఆల్బమ్ చేసింది. బహుమతి ఇచ్చినవాళ్ళకూ, పుచ్చుకున్నవాళ్ళకూ, నవ్వినవాళ్ళకూ ఆ ఏడాది ఏ ఆల్బమ్‌లు వచ్చాయో తెలియదు.

ప్రభుత్వోద్యోగుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు డీఏ బకాయిల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రావలసినప్పుడు రాదు. వచ్చినప్పుడు ఏ ఏడాదిదో తెలియదు. పుచ్చుకోవలసిన మనిషి ఒక్కోసారి అప్పటికే దండ వేసిన ఫోటో అయివుంటాడు. గ్రామీల్లో మెటల్ విభాగం అచ్చంగా ఆ బకాయిల సెక్షనే. బోర్డు మీద మాత్రం ‘ఈ ఏటి ఉత్తమ’ అని రాసుంటుంది.

బిల్లులు చూడండి. 2000లో బ్లాక్ సబ్బత్‌కు బహుమతి, 1970 నాటి ‘ఐరన్ మ్యాన్’ని మళ్ళీ కచేరీలో వాయించినందుకు. ముప్పై ఏళ్ళ బకాయి. 2010లో జుడాస్ ప్రీస్ట్‌కు, 1977 నాటి పాట కచేరీ రికార్డింగుకు. ముప్పైమూడేళ్ళు. ఐరన్ మెయిడెన్ పుట్టింది 1975లో. మొదటి గ్రామీ 2011లో. వాళ్ళ పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చే ఆల్బమ్‌లన్నీ ఎనభైల్లోనే వచ్చాయి. ఆ పదేళ్ళనూ జాగ్రత్తగా తప్పించి, ‘ఎల్ డొరాడో’ అనే పాటకు పట్టుకొచ్చి ఇచ్చారు.

మోటర్‌హెడ్ కథ ఇంకా కడుపుమంట. లెమ్మీ అనే ఆ మహానుభావుడు గొంతులో గరగరను ఒక కళగా మార్చాడు. లార్స్ ఉల్రిక్ లాంటి కుర్రాళ్ళు ఆయన వెనకాల తిరిగి సంగీతం నేర్చుకున్నారు. ఆ గురువుకి 2005లో వచ్చిన గ్రామీ దేనికీ? మెటాలికా 1983 నాటి ‘విప్లాష్’ని తన బృందంతో వాయించినందుకు. శిష్యుల పాట పాడితే తప్ప గురువుకి ప్రసాదం పెట్టరు ఆ గుళ్ళో.

రోనీ జేమ్స్ డియోకైతే అదీ లేదు. ఆయన 2010లో పోయాడు. ఆయన 1984లో పాడిన ‘ది లాస్ట్ ఇన్ లైన్’కి 2015లో ఉత్తమ మెటల్ గ్రామీ వచ్చింది. అందుకున్నది టెనేషియస్ డి, అంటే హాలీవుడ్ హాస్యనటుడు జాక్ బ్లాక్, ఆయన నేస్తమూ కలిసిన జంట. మనవాళ్ళు చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఇక్కడ చచ్చినవాడి కళ్ళు కూడా పక్కవాడి ముఖానికే అతికించారు.

ఇదంతా మెటల్ అనే వెలివాడ సంగతిలే, పెద్ద వీధిలో న్యాయం ఉంటుందనుకునేరు. ‘ఉత్తమ రాక్ ఆల్బమ్’ అని ఇంకో పెద్ద బహుమతి ఉంది. 2014లో దానికి పోటీపడ్డవాళ్ళలో డేవిడ్ బౌవీ ఉన్నాడు, పదేళ్ళ మౌనం తర్వాత చేసిన ‘ది నెక్స్ట్ డే’తో. క్వీన్స్ ఆఫ్ ది స్టోన్ ఏజ్ ఉంది. బ్లాక్ సబ్బత్, ‘13’ అనే కొత్త ఆల్బమ్‌తో ఉంది. నెగ్గింది లెడ్ జెప్లిన్. ఆ బృందం 1980లో డ్రమ్మర్ జాన్ బోనమ్ మరణంతో ముగిసిపోయింది. బహుమతి వచ్చిన ‘సెలబ్రేషన్ డే’ 2007 డిసెంబరులో లండన్‌లో జరిగిన ఒక్కరాత్రి కచేరీ రికార్డింగు. అందులో డ్రమ్స్ వాయించింది బోనమ్ కొడుకు. వాయించిన పాటలు అరవైల చివర్లోవీ డెబ్భైల్లోవీ. వేదిక మీద మాత్రం ‘ఈ సంవత్సరపు ఉత్తమ రాక్ ఆల్బమ్’ అని ప్రకటించారు, ఎవరూ నవ్వలేదు. జెప్లిన్ బతికున్న రోజుల్లో ఒక్క పోటీ బహుమతీ ఇవ్వని అకాడమీ, తండ్రి కష్టార్జితాన్ని వారసత్వ ధ్రువపత్రం చూసి విడుదల చేసింది.

ఈ విషయంలో మన తెలంగాణ సర్కారే నయం. 2025లో గద్దర్ సినిమా అవార్డులు ఇచ్చినప్పుడు, 2014 నుంచి 2023 దాకా ఇవ్వకుండా వదిలేసిన ఏళ్ళన్నిటికీ ఏడాదికి మూడేసి సినిమాల చొప్పున ఒకేసారి ప్రకటించింది. ఫలానా ఏడాది బాకీ ఫలానా సినిమాకి అని పద్దు రాసి మరీ తీర్చింది. 2015 సినిమాని 2025 సినిమా అని మాత్రం అనలేదు.

ఇదెలా జరుగుతుందంటారా? మెటల్ పాటకు ఓటు వేసే సభ్యుడు మెటల్ విని తీరాలన్న నిబంధన లేదు. ఆయన సంగీత రంగంలో మనిషి అయితే చాలు. బ్యాలెట్‌లో అయిదు పేర్లుంటాయి. నాలుగు ఎప్పుడూ విననివి. అయిదోది మేనల్లుడి టీషర్టు మీద చూశాడు. ఓటు టీషర్టుకే పడుతుంది. 2012లో హార్డ్ రాక్‌నీ మెటల్‌నీ మళ్ళీ ఒకటి చేసేసి, మెగాడెత్, మాస్టొడాన్, డ్రీమ్ థియేటర్ బరిలో ఉండగా ఫూ ఫైటర్స్‌కి ఇచ్చారు. టీవీలో ఎక్కువసార్లు కనబడ్డ ముఖం అది.

టీషర్టు సిద్ధాంతానికి పరాకాష్ఠ 2017. డేవ్ మస్టెయిన్ అనే గిటారిస్టుని 1983లో మెటాలికా వాళ్ళు న్యూయార్క్‌లో తెల్లారగట్ట నిద్రలేపి, బృందంలోంచి తీసేశామని చెప్పి, కాలిఫోర్నియా బస్సెక్కించారు. అంత దూరం బస్సులో కూర్చుని రగిలిన కసితో ఆయన కట్టుకున్న బృందమే మెగాడెత్. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ఆయన జీవితమంతా ఒక్కటే పోరాటం, నన్ను మెటాలికాతో ముడిపెట్టి చూడకండిరా అని. డజను నామినేషన్ల తర్వాత, చిట్టచివరికి, 2017లో ‘డిస్టోపియా’కి మొదటి గ్రామీ వచ్చింది. ఆయన లేచి వేదిక వైపు నడుస్తున్నాడు. సభలోని ఆస్థాన వాద్యబృందం స్వాగతంగా ఒక పాట అందుకుంది. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’. మెటాలికా పాట!

మస్టెయిన్ గొప్ప మనిషి. నడుస్తూనే గాల్లో గిటారు వాయిస్తున్నట్టు చేతులాడించాడు. ఇంకొకడైతే ఆ క్షణమే మళ్ళీ బస్సెక్కేవాడు.

ఇటీవలి సంగతికి వద్దాం. 2025 గ్రామీలకు ‘ఏడాది’ అంటే 2023 సెప్టెంబరు 16 నుంచి 2024 ఆగస్టు 30 దాకా. పత్రికలకు పదిన్నర నెలలైతే వీళ్ళకు పదకొండున్నర, అదీ రెండు కేలెండర్లలోంచి చింపి అతికించినది. ఆ అతుకులోకి మెటాలికా 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఆల్బమ్‌లోని పాట ఒకటి నామినేషన్‌గా దూరింది. అదే ఆల్బమ్‌లోని ఇంకో పాటకు 2024లో ఆల్రెడీ బహుమతి ఇచ్చేశారు. ఆల్బమ్ పేరు ‘72 సీజన్స్’. డెబ్భైరెండు ఋతువులంటే వాళ్ళ లెక్కలో పద్దెనిమిదేళ్ళు. అన్నేళ్ళూ నామినేట్ చేస్తారేమోనని నా భయం.

ఆ పోటీలోనే నాక్డ్ లూజ్ ఉంది. కెంటకీ కుర్రాళ్ళు, 2024 మేలో 27 నిమిషాల ఆల్బమ్ తెచ్చారు. 27 నిమిషాలే. చెప్పాల్సింది చెప్పి, తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోయారు. ఆ ఏడాది కొత్తగా ఏదైనా జరిగిందంటే అలాంటి చోటే జరిగింది. జుడాస్ ప్రీస్ట్ కూడా ఉంది, 72 ఏళ్ళ వయసులో రాబ్ హాల్ఫోర్డ్ కొత్త ఆల్బమ్‌లో వేసిన కేకలతో. ఈసారి పాత పాట కాదు, నిజంగా కొత్త పాట. కొత్తది చేశాడు గనక ఆయనకు రాలేదని కూడా అనుకోవచ్చు.

గెలిచింది ఫ్రాన్స్ బృందం గోజిరా. గెలవాల్సిన బృందమే, నాకేం పేచీ లేదు. 2005లో ‘ఫ్రమ్ మార్స్ టు సిరియస్’ చేసినప్పుడు గెలవాల్సింది. 2016 నాటి ‘మాగ్మా’కి నామినేషన్ల దాకా తీసుకొచ్చి వట్టిచేతులతో పంపారు. మరి 2025లో దేనికిచ్చారు? పారిస్ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో, సేన్ నది ఒడ్డున, ఒకప్పుడు మేరీ ఆంటొయనెట్‌ని ఖైదు చేసిన కోట గోడలకు వేలాడుతూ వాయించిన మోతకు. కిటికీలో తల తెగిన రాణి, కింద మంటలు, ఎర్ర కాగితాల వాన. చూడడానికి అద్భుతం. కోట్లమంది టీవీలో చూశారు, కాబట్టి ఓటు వేసేవాళ్ళు కూడా చూశారు. ఆ పాట ‘సా ఇరా’. ఫ్రెంచి విప్లవ కాలం నాటిది. పుట్టిన ఏడాది 1790.

ఆ సంవత్సరపు ఉత్తమ మెటల్ పాట, 1790 నాటిది! బకాయిల సెక్షన్ చరిత్రలో ఇంత పాత బిల్లు ఇంతకు ముందు పాసవ్వలేదు.

ఇటు పత్రికల జాబితాల్లో 2024కి పై మెట్ల మీద చాలాచోట్ల కనబడ్డది బ్లడ్ ఇన్‌కాంటేషన్ వాళ్ళ ‘అబ్సల్యూట్ ఎల్స్‌వేర్’. డెన్వర్ కుర్రాళ్ళు బెర్లిన్‌ హన్సా స్టూడియోకి వెళ్ళి, జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం టాంజరీన్ డ్రీమ్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చేసిన పని. ఆల్బమ్ అంతా కలిపి రెండే రచనలు, ఒక్కోటి ఇరవై నిమిషాలపైన. నాకూ నచ్చింది. కానీ ఇది నచ్చినవాళ్ళ పేర్లు చూశాక అనుమానం మొదలైంది. డెత్ మెటల్ అంటే ముక్కు మూసుకునేవాళ్ళు కూడా వరసలో ఉన్నారు. గర్జన ఒక మూడు నిమిషాలు సాగగానే అది ఆగి, తేలిగ్గా గాల్లో తేలే పింక్ ఫ్లాయిడ్ తరహా సంగీతం వస్తుంది. వాళ్ళు ఆ జాగా కోసమే మూడు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారని నాకు అర్థమైంది.

ఈ సందట్లో ఓపెత్ గతి చూడండి. స్వీడన్ బృందం. నాయకుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ ఆల్బమ్‌లలో గర్జించడం మానేసి పదహారేళ్ళయింది. అభిమానులు మొక్కుకోని దేవుడు లేడు. చివరికి 2024లో ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో గర్జించాడు. ఎప్పుడు విడుదల చేశారు? నవంబరు 22న, జాబితాలు రాసేవాళ్ళు నంబర్లు వేసి చేతులు కడుక్కునే వేళకు. ఇంకో సంగతి. ఆ ఆల్బమ్‌లో ఒక అతిథి కళాకారుడు కథ చెబుతాడు, వేణువు ఊదుతాడు. పేరు ఇయాన్ ఆండర్సన్. అవును, ఆయనే. 1989లో ప్రపంచమంతా పగలబడి నవ్విన ఆ పిల్లనగ్రోవి 35 ఏళ్ళ తర్వాత నిజంగానే మెటల్ ఆల్బమ్‌లో, గర్జనల మధ్య, దర్జాగా కూర్చుంది. అకాడమీ ఆ ఒక్కసారీ ఆలస్యం చేయలేదన్నమాట. 35 ఏళ్ళు ముందే ఇచ్చేసింది.

విమర్శకుల బకాయిల పుస్తకం కూడా ఒకసారి తిరగేద్దాం. బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పని మానేస్తున్న చివరి రోజున, యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం గిటారిస్టు కావడంతో తీగలు నొక్కాల్సిన వేళ్ళవే. అంట్లు తోమే లిక్విడ్ సీసాని కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. కొన్నాళ్ళకు నొక్కడానికి తేలిగ్గా ఉంటుందని తీగల బిగువు తగ్గించాడు. శబ్దం కిందికి దిగింది, బరువెక్కింది. హెవీ మెటల్‌లో ‘మెటల్’ అంటే మొదట్లో ఆ రేకే. ఆ కుర్రాడి బృందం ఒక్కరోజులో రికార్డు చేసిన మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం, వచ్చింది. రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ దాన్ని క్రీమ్ బృందానికి నాసిరకం నకలుగా తీసిపారేశాడు. అంతకు ముందటి ఏడాదే అదే పత్రిక లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌ని చీల్చి చెండాడింది. బ్రిటన్‌లో జనం మాత్రం పత్రికలను సంప్రదించకుండా సబ్బత్‌ని 8వ స్థానానికి ఎక్కించారు. ఆ సెప్టెంబరులోనే వాళ్ళ రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ వచ్చింది.

2017లో రోలింగ్ స్టోన్ సర్వకాల సర్వోత్తమ మెటల్ ఆల్బమ్‌ల జాబితా వేసింది. వంద ఆల్బమ్‌లు. మొదటి స్థానం: ‘పారనాయిడ్’. నలభై ఏడేళ్ళు. పత్రికలవాళ్ళు క్షమాపణ చెప్పరు, ‘ఆల్ టైమ్ గ్రేట్స్’ అని జాబితా వేస్తారు. 2025 జులై 22న సబ్బత్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ పోయాక ఓ మూడు రోజుల పాటు భూమ్మీద ప్రతి సంపాదకుడూ బారసాల నాటి నుంచీ సబ్బత్ వింటున్నవాడే.

మరి అభిమానులు? నల్ల టీషర్టులవాళ్ళు, మే నెల ఎండలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కూడా నలుపు విడవని నిష్ఠాగరిష్ఠులు. వీళ్ళయినా కొత్తదాన్ని కొత్తగా ఉన్నప్పుడే వింటారని ఆశపడ్డాను. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీ. హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు రాత్రి బస్సుల్లో వెళ్ళారు, అప్పుడు వెళ్ళనివాళ్ళు కూడా ఇప్పుడు వెళ్ళామంటారు. అప్పటికి రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి మెటాలికా చేసిన ‘లులు’ విడుదలకు ఒకటి రెండు రోజులే ఉంది. అందులోంచి ఆ రాత్రి ఒక్క పాటా వాయించలేదు. ఒక్కడూ అడగలేదు. జనం గొంతు చించుకున్నది అంతా 1983 నుంచి 1991 దాకా వచ్చిన పాటలకే. ‘లులు’ వచ్చాక దాన్ని తిట్టనివాడు పాపి. ఇంకో ముప్పై ఏళ్ళకు అది ఏదో సర్వోత్తమ జాబితాలో తళతళలాడితే నేనైతే ఆశ్చర్యపోను. ఏ దేశంలోనైనా మెటల్ కచేరీలో గాయకుడు ‘ఇప్పుడు మా కొత్త ఆల్బమ్ నుంచి’ అనగానే మైదానం సగం బీరు కౌంటరు వైపు కదులుతుంది. ఆ వాక్యానికి అన్ని భాషల్లోనూ ‘విరామం’ అనే అర్థం. ఇళ్ళకొచ్చాక అదే కొత్త ఆల్బమ్‌ని తమ జాబితాలో నాలుగో నంబరు వేస్తారు. బీరు కౌంటరు దగ్గర బాగానే వినబడిందేమో.

(మన సినిమాలవాళ్ళది వేరే పద్ధతి. హీరో లుంగీ ఎగ్గట్టి జీపు దిగితే డిస్టార్షన్ గిటారు గర్జిస్తుంది. హీరో ఫ్రేము దాటగానే గిటారు కూడా దాటిపోతుంది. తెలుగువాడు రోజూ వింటున్న హెవీ మెటల్ ఒక్కోసారి పదకొండు సెకన్లు. దానికి జాబితా వేసే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.)

కాబట్టి, ఈ ఏడాది ఎక్కడో ఒక షెడ్డులో, పక్కింటివాళ్ళు పోలీసులకు ఫోన్ చేస్తుండగా, ఇంతవరకు ఎవరూ వాయించని రిఫ్ ఒకటి వాయించిన కుర్రాళ్ళకు నాకు తోచిన నాలుగు సలహాలు. ఆల్బమ్‌ని నవంబరులో విడుదల చేయకండి. ఆరోగ్యం జాగ్రత్త, కనీసం మరో ముప్పై ఏళ్ళు బతికుండాలి, అప్పుడు ఇదే పాటని కచేరీలో వాయించి రికార్డు చేయండి. అంత ఓపిక లేకపోతే మెటాలికా పాట ఏదైనా అందుకోండి. ఎవరైనా హాస్యనటుడితో పరిచయం పెంచుకోండి, మీరు పోయాక పాడడానికి పనికొస్తాడు.

ఇవేవీ కుదరకపోతే, 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లోనే. గ్రామీలవాళ్ళు ఉండేదీ అక్కడే, టీవీ పెట్టే పని కూడా లేదు. రెండు వందల ఏళ్ళ నాటి పాట ఒకటి వెతికిపెట్టుకుని, వేలాడడానికి మంచి కిటికీ ఒకటి ఇప్పుడే బయానా ఇచ్చి పెట్టుకోండి.